నబీసా చెప్పిన పేర్లు

కోయిలకుంట్లలో ఓబులేసు సూపర్ మార్కెట్‌కు ఎవరు ఫోన్ చేసినా ముందు పలికేది నబీసానే. నలభై ఆరేళ్ల మనిషి. ఏడో తరగతితో చదువు ఆగింది. భర్త పోయాక ఆ అంగట్లో పొట్లాలు కట్టే పనికి చేరింది. పదకొండేళ్లలో ఎవరింట్లో ఎవరికి చక్కెర జబ్బు, ఎవరికి ఏ బియ్యం పడతాయి అన్నదంతా ఆమెకు నోటికొచ్చేసింది.

రెండేళ్ల కిందట ఓబులేసు ఆన్‌లైన్ పేజీ పెట్టించాడు. ఫోన్‌లో సరుకులు ఎంచుకుంటే ఇంటికే పంపిస్తారు. కానీ జనం నాలుగు వస్తువులు బుట్టలో వేసి, మధ్యలోనే వదిలేసి అంగడికి ఫోన్ చేసేవాళ్లు. రోజుకు అరవై ఫోన్లు. ఆ ఫోన్లు ఎత్తడానికే నబీసాను పొట్లాల దగ్గరి నుంచి తెచ్చి కుర్చీలో కూర్చోబెట్టారు.

పేజీని బాగుచేయడానికి కర్నూలు నుంచి హర్షిణి అనే అమ్మాయి వచ్చింది. వచ్చీ రాగానే నబీసా పక్కన చేరింది.

"అక్కా, పేజీ పెట్టుకుని మళ్లీ నీకెందుకు ఫోన్ చేస్తాండారు అందరూ?"

"ఏముంటాది పాపా, అలవాటు" అంది నబీసా, ముఖం పక్కకు తిప్పుకుని.

తెలియక కాదు. పేజీ చక్కబడితే ఫోన్లు ఆగిపోతాయి. ఫోన్లు ఆగితే తనను కూర్చోబెట్టి జీతం ఎందుకిస్తారు? అరిగిన మోకాళ్లతో మళ్లీ మూటలెత్తడం తనవల్ల అవుతుందా?

మరుసటి రోజు సరుకులకు వచ్చిన హనుమంతమ్మ చేతికి హర్షిణి ఫోన్ ఇచ్చింది. "అవ్వా, నీకు కావాల్సినవి ఈ పేజీలోనే తీసుకో. మేం చూస్తాంటాం, సాయం మాత్రం చేయం." నబీసాను కూడా నోరు మెదపొద్దంది.

హనుమంతమ్మ ఫోన్‌ను నోటి దగ్గర పెట్టుకుని, మైకు బొమ్మ నొక్కి "బ్యాళ్లు" అంది. సరుకు దొరకలేదని వచ్చింది. "బొరుగులు" అంది. అవీ లేవు. "ఇంత పెద్ద అంగట్లో బ్యాళ్లు కూడా లేవా?" అని నవ్వుకుంటూ, బొమ్మలు చూసి సబ్బులు, టీపొడి బుట్టలో వేసుకుంది. చివర్లో డోర్ నంబరు రాయకపోతే పేజీ ముందుకు కదల్లేదు. ఏదో నొక్కింది. బుట్ట ఖాళీ అయిపోయింది.

ఆమె ఫోన్ బల్ల మీద పెట్టి, చేతులు కొంగుకు తుడుచుకుంది. "నాదే తప్పమ్మా. సదువు లేనిదాన్ని గదా. ఏమనుకోవద్దు."

నబీసాకు రోజూ ఫోన్‌లో వినే గొంతులు గుర్తొచ్చాయి. అందరూ ఇట్లాగే, ఏదో తప్పు చేసినట్టు నసుగుతూ మొదలుపెడతారు.

"నీ తప్పు యాడుండాది హనుమంతక్కా!" అని లేచింది. "కందిపప్పును మనం బ్యాళ్లంటామని దానికి తెలీదు. తెలీనిది దానికి, నీకు కాదు." హర్షిణి వైపు తిరిగింది. "రాసుకో పాపా. నిన్న నీకు అబద్ధం చెప్పినా."

మధ్యాహ్నం అన్నం వేళ దాటేదాకా చెబుతూనే ఉంది. బొరుగులంటే పేజీలో ఉన్న మరమరాలే. ఎర్రగడ్డలంటే ఉల్లిపాయలు. ఊర్లో ఇంటి గుర్తు అడగల్ల, నంబరు కాదు. వెనక్కి నొక్కితే బుట్ట పోకూడదు. బియ్యం బొమ్మలో గింజ కనపడల్ల, సంచి కాదు. హర్షిణి రాసుకుంటూ మధ్యలో ఒకసారి తలెత్తి, "ఇవన్నీ యాడ దాచిపెట్టుకున్నావక్కా?" అని ఆశ్చర్యపోయింది.

రెండు నెలల్లో పేజీ మారింది. అరవై ఫోన్లు పదిహేనుకు పడిపోయాయి. నబీసాయే ఓబులేసు దగ్గరికి వెళ్లింది.

"అన్నా, ఇంగ నాకేం పని?"

ఓబులేసు ఆమెను వింతగా చూశాడు. "ఇప్పుడే గదమ్మా పని మొదలయింది! కొత్త సరుకు ఏదొచ్చినా దాని పేరు, బొమ్మ నువ్వు చూసి సరే అన్నాకే పేజీలో పెట్టల్ల. ఆ పాప కూడా అదే చెప్పిపోయింది."

ఆ వారంలోనే హనుమంతమ్మ ఆర్డరు వచ్చింది. ఏడు సరుకులు, అన్నీ తానే ఎంచుకుంది. నబీసా వాటిని తన చేత్తోనే సర్దుతుంటే ఫోన్ మోగింది.

"నబీసా, చింతపండు మర్చిపోయినా."

"నేను వేస్తాలే అక్కా."

"వద్దు వద్దు! నువ్వు ముట్టుకోవద్దు. నేనే పెడతా, ఉండు."

నబీసా నవ్వాపుకుని సంచి మూతి కట్టకుండా నిలబడింది. అయిదు నిమిషాలు పట్టింది. చింతపండు, అరకిలో అని తెర మీద పడింది.