అవ్వ సున్నపు నీళ్ళు, వేలూరు రిపోర్టు

1982 జూన్ 20, ఆదివారం. తిరుపతి, అన్న ఇల్లు. ఉన్నవాళ్ళు: అన్న, వదిన, కామెర్లకు పసరు మందిచ్చే అవ్వ, నేను.

అన్న కొండమీద గుడి వంటశాలలో పనిచేసేవాడు. సాయంత్రం ఆయన ఇంట్లో అడుగు పెడితే పంచెలోంచి నేతివాసన, పచ్చకర్పూరం వాసన ముందుగా వచ్చేవి. ఇప్పటికీ ఎక్కడైనా ఆ వాసన తగిలితే నేను వెనక్కి తిరిగి చూస్తాను.

కిందటేడు దసరాకు ఆయనకు కామెర్లు వచ్చి, పని మానుకోవలసి వచ్చింది. అవ్వ పసరు పోసి, ఉప్పూ నూనె లేని పథ్యం పెట్టింది. వేలూరు డాక్టరు మాత్రం నెలనెలా రక్తం తీయించేవాడు. వైరస్ రక్తంలోనే తిష్ట వేసిందనీ, లోపల కాలేయం ఎంత దెబ్బ తింటున్నదీ ఎస్.జీ.పీ.టీ. అనే అంకె చెబుతుందనీ నాకు వివరించాడు. నా ఉద్యోగం చిత్తూరులో కనుక, వేలూరు వెళ్ళి రిపోర్టు తెచ్చే పని నాకే పడింది.

ఆ ఆదివారం అవ్వ అన్న చేతులకు సున్నం రాసి, చెంబుతో నీళ్ళు పోసి కడిగింది. కామెర్లుంటే పళ్ళెంలో పడిన నీళ్ళు పచ్చబడాలి. ఆ రోజు పచ్చబడలేదు.

"సూడు సామీ, దిగిపోయినాది. పథ్యం ఇడిసేయ్. రేపట్నించి పనికి పో."

అన్న ముఖం వెలిగిపోయింది. "ఏమే, పప్పులో ఉప్పెయ్. నా నాలుక సచ్చిపోయుండాది!"

ముందురోజు తెచ్చిన రిపోర్టు నా జేబులోనే ఉంది. చెప్పక తప్పలేదు.

"అన్నా, ఆ అంకె ఇంకా దిగలేదు. ఉండాల్సిన దానికి మూడింతలుండాది. పొయ్యి కాడికి అప్పుడే పోవద్దన్నాడు డాక్టరు."

"నా కండ్లు సూడరా! యాడన్నా పసుపు ఉండాదా?"

"కండ్లు తెల్లబడినా లోపల జబ్బు రగులుతానే ఉంటాదంట."

"పథ్యం సంగతేమన్నాడు?"

"ఉప్పూ నూనె తినొచ్చని మొదట్నించీ చెప్తానే ఉండాడు. నువ్వూ వదినా అవ్వ మాటే పట్టుకుంటిరి."

వదిన గరిటె పట్టుకునే నవ్వేసింది. "బాగుండాది యవ్వారం! ఈమె ఇన్నాళ్ళూ తినొద్దని, ఇప్పుడు పనికి పో అంటాది. ఆయన తిను, పనికి పోవద్దంటాడు."

"కాయితం సూసి కామెర్లు కనుక్కుంటారా యాడన్నా?" అని అవ్వ మూతి తిప్పుకుంది. వదిన ఆమెకు ఆకూ వక్కా ఇచ్చి, వాకిలిదాకా సాగనంపింది.

అన్న నవ్వలేదు. అవ్వ వెళ్ళాక నెమ్మదిగా అన్నాడు: "ఇంకా పోకుంటే నా పొయ్యి ఇంకొకరికి ఇచ్చేస్తార్రా. చిన్నప్పట్నించీ ఆడనే నిలబడినా." ఆ పూట పప్పులో ఉప్పు పడినా ఆయన సరిగా తినలేదు.

మర్నాడు పొద్దున్నే అన్న స్నానం చేసి, నామం పెట్టుకుని, పనికి కట్టే పంచె కట్టుకున్నాడు. నేనూ వెంట నడిచాను. వీధి చివర కొండకు పోయే బస్సు ఆగింది. తోటి వంటవాళ్ళు కిటికీలోంచి, "ఎక్కప్పా, ఎన్నాళ్ళయింది నిన్ను సూసి!" అని కేకేశారు. అన్న మెట్టు మీద కాలు పెట్టాడు. కమ్మీ పట్టుకుని ఒక క్షణం ఆగాడు. తర్వాత కాలు దించేశాడు.

"ఈ నెల కాదులే అప్పా. మీరు పోయి రాండి."

బస్సు మలుపు తిరిగాక నావైపు చూసి అడిగాడు: "మళ్ళా రక్తం ఎప్పుడు తీస్తారంట్రా?"