కుడి చక్రం మిగిలి ఉంది

డ్రైవరు మామ పోయాడని తెలిసేటప్పటికి మా కారు ముందు భాగం ఇంకా దిమ్మల మీదే ఉంది. ఎడమ చక్రం బ్రేకు ఇద్దరం కలిసి బాగుచేశాం. కుడిది వచ్చే ఆదివారానికి ఉంచాం. పొద్దున టీ తాగి, కుర్చీలోనే వాలిపోయాడట.

మామ నాకు చుట్టం కాదు. సుభాష్‌పల్లిలో మా గోడకి అవతలి మనిషి. గూడ్సు రైళ్ళు నడిపి రిటైరయ్యాడు. కారు నడపడం మాత్రం రాదు. అడిగితే, "స్టీరింగు లేని బండి నడిపినోణ్ని. నాకు తెలిసిందల్లా ఆపడమే" అనేవాడు.

నాన్నని వారం వారం మేదినీపూర్ ఆసుపత్రికి నేనే తీసుకెళ్తాను. ఆమధ్య కంసావతి వంతెన దిగుతూ బ్రేకు నొక్కితే కారు ఎడమకి లాగేసింది. ముందున్న టోటో రిక్షాకి జానెడు దూరంలో ఆగాం. చక్రాన్ని పట్టి ఆపే కేలిపర్లు బిగుసుకుపోయాయని బెంగాలీ మెకానిక్ దాదా చెప్పాడు. ఇంత పాత కారుకి కొత్తవి దొరకవు, లోపలి రబ్బర్లు మార్చుకోవాలి. రబ్బర్లు కొని ఇంట్లోనే మొదలుపెట్టాను. పిలవకుండానే మామ వచ్చి పీట వేసుకున్నాడు.

ఎడమ కేలిపర్‌లోంచి పిస్టన్ రాలేదు. పంపుతో గాలి కొట్టాను. కదల్లేదు. ఏం అడ్డుపడిందోనని వేలు పెట్టబోయాను.

"ఒలే, సెయ్యి తియ్!"

ఉలిక్కిపడి తీశాను. మామ ఆ సందులో చెక్కముక్క పెట్టాడు. మళ్ళీ గాలి కొట్టగానే పిస్టన్ ఎగిరొచ్చి తగిలింది. చెక్క నిలువునా చీలింది.

"ఇది నీ ఏలు," అన్నాడు చెక్క చూపించి.

బిగించాక బ్రేకు ఆయిల్లో చేరిన గాలి తీయాలి. ఒకరు పెడల్ నొక్కి పట్టుకోవాలి, ఇంకొకరు చక్రం దగ్గర గాలి బయటికి వదిలే నిపుల్ తిప్పాలి. నిపుల్ మూయకముందే కాలు తీస్తే గాలి మళ్ళీ లోపలికి పోతుంది. రైలింజన్లో సిగ్నల్ చూసి ఒకరన్న మాట ఇంకొకరు తిరిగి అన్నట్టే, మామ నా ప్రతి మాటకీ బదులిచ్చాడు.

"నొక్కు."

"నొక్కినాను."

"పట్టుకో."

"పట్టినాను."

ఎడమది అయ్యేసరికి పొద్దు వాలింది. రేపు నాన్నని తీసుకెళ్ళాలి, కుడిది తర్వాత చూద్దామన్నాను. మెల్లగా వెళ్తానన్నాను.

"నువ్వు మెల్లగా ఎల్తావు. ముందున్నోడు నిన్ను సూసి ఆగుతాడేటి?"

కారు తాళం జేబులో వేసుకుని వెళ్ళిపోయాడు. నాకు ఒళ్ళు మండింది. నాన్న మర్నాడు లోకల్ రైల్లో వెళ్ళాడు.

పెద్దకర్మ అయ్యాక కుడి కేలిపర్ విప్పాను. చీలిన చెక్కనే అడ్డం పెట్టాను. రబ్బర్లు మార్చి బిగించి, తాళం కోసం మామ భార్య దగ్గరికి వెళ్ళాను. అత్త తాళం తెచ్చింది గానీ ఇవ్వలేదు.

"కుడిది అయిందేటి?"

"గాలి తియ్యాలి అత్తా. పెడల్ దగ్గర ఇంకో మనిషి కావాలి."

తాళం కొంగున ముడేసుకుని నాతో వచ్చింది. చెప్పులు విడిచి, కాలు అందక సీటు అంచుకి జరిగి కూర్చుంది.

"నొక్కు అత్తా."

"నొక్కినాను."

నేనేమీ నేర్పలేదు. నిపుల్ గొట్టం కింద పెట్టిన సీసాలోకి బుడగలు వచ్చాయి. మళ్ళీ నొక్కించాను, మళ్ళీ వచ్చాయి. చాలాసేపటికి ఆయిల్ ఒక్కటే దిగింది. నిపుల్ బిగించాను.

"ఇప్పుడు కిందకి దిగట్లేదే. రాయిలాగుంది," అంది.

"అయిపోయింది అత్తా. వదిలెయ్."

చక్రం పక్కనుంచి తల ఎత్తి చూశాను. పసుపు లేని పాదం పెడల్ మీద అలాగే ఉంది.