గోడవతల కొండ

మా పక్కింటి మామ్మగారు పోయారు. గురువారం పొద్దున వాళ్ళబ్బాయి మా గేటు దగ్గర నిలబడి, "అమ్మ వెళ్ళిపోయిందండీ, నిద్రలోనే" అన్నాడు. దీపం పెట్టి ఆమె కోసం ప్రార్థించాను. దేవుడి ముందు ఒప్పుకున్నదే మీకూ చెబుతున్నాను. ఆమెను చూసి రెండేళ్ళపాటు అసూయపడ్డాను.

మామ్మగారిది ఇటలీలో అబ్రుజ్జో కొండల మీద ఊరు. పెళ్ళయ్యాక ఐర్లండుకి, మేముండే ఈ డ్రోహెడా పట్నానికి వచ్చి, భర్తతో కలిసి చేపలూ చిప్సూ అమ్మే కొట్టు నడిపారు. మా చెల్లి ఇక్కడి ఆసుపత్రిలో డాక్టరు, నాతోనే ఉంటుంది. అమ్మ పోయినప్పుడు తనకు ఆరేళ్ళు. జడలు వేసిందీ, అన్నం కలిపి పెట్టిందీ నేనే. అలాంటిది డ్యూటీ దిగితే తిన్నగా మామ్మగారి పెరట్లోకే. "నోన్నా!" అని పిలిచేది. వాళ్ళ భాషలో అమ్మమ్మ అని. నాతో మాత్రం, "అక్కా, నేను అక్కడే తినేశా" అనేది.

వాళ్ళు కబుర్లాడుతుంటే కిటికీ తెరిచి జపమాలతో కూర్చునేదాన్ని. చెవులు గోడవతల ఉండేవి. చలి ముదరకముందే మామ్మగారి నాన్న గొర్రెలను తోలుకుని, మైదానాలకు రోజుల తరబడి నడిచేవాడట. తోడేళ్ళు పట్టకుండా కుక్కల మెడకు ఇనప ముళ్ళ పట్టీలట. ఇంట్లో ఆడవాళ్ళు తెల్లవారకముందే కుంకుమపువ్వు కోసుకొచ్చి, బల్ల మీద ఊదారంగు పూలు గుట్టగా పోసుకుని, ఎర్ర పోగులు ఏరేవారట. పసుపు పూసుకున్నట్టు వేళ్ళన్నీ పచ్చగా అయ్యేవట.

ఐర్లండులో పాముల్లేవు, పుట్టల్లేవు. నాగులచవితికి పెరట్లో మట్టి గుట్టగా పోసి, వెండి పడగ పెట్టి పాలు పోస్తాను. నిరుడు అలా పోస్తుంటే మామ్మగారు గోడ మీంచి చూశారు. నవ్వుతారనుకున్నాను. శిలువ గుర్తు వేసుకున్నారు.

"మా పక్క ఊళ్ళో మే నెలలో చర్చిలోని సాధువు విగ్రహం మీద బతికున్న పాములే వేసి ఊరేగిస్తారు. నువ్వు చూడాలి. వచ్చే మేలో వెళ్దామా?"

చెల్లికన్నా ముందు నన్నడిగారు. వెళ్ళాలనే ఉంది. ఉక్రోషం అడ్డొచ్చింది. "పూజలున్నాయండీ" అన్నాను.

"ప్రతిదానికీ దేవుణ్ణి అడ్డం పెట్టుకోకమ్మా. ఆయనకి వేరే పనులుంటాయి."

చెల్లి వెళ్ళింది. వీడియో పంపింది. మెడలో పాము, పక్కన మామ్మగారి నవ్వు. నా నాగులచవితి తన మెడలో వేలాడుతోంది. ఆ రోజు దేవుడి ముందు కూర్చున్నాను గానీ ఒక్క నామమూ నోట రాలేదు.

పోయిన నెల మామ్మగారు మంచం పట్టారు. ఒక మధ్యాహ్నం ఇద్దరం వెళ్ళాం. చెల్లి మేలో తీసిన వీడియో ఫోనులో చూపించింది. "నోన్నా, మీ ఊరు చూడండి."

ఆమె కాసేపు చూసి మొహం తిప్పుకున్నారు. "ఇళ్ళన్నిటికీ తాళాలే తల్లీ. ఇది నా ఊరు కాదు." తర్వాత నా వైపు తిరిగారు. "నువ్వు చెప్పు. గోడవతల కూర్చుని అంతా విన్నావుగా."

"మీకు తెలుసా?"

"కథ మంచి చోటికి రాగానే నీ పూసల చప్పుడు ఆగిపోయేది. ఊఁ, చెప్పు."

చెప్పాను. ఆమె చెప్పినవే, ఆమె చెప్పిన వరసలోనే. కాళ్ళ దగ్గర నిలబడ్డ చెల్లి మెల్లిగా అంది, "నీకింత గుర్తుందా అక్కా? నా దగ్గర వీడియోలే ఉన్నాయి." తన గొంతులో అసూయ వినిపించింది. సంతోషించాను. అదీ దాచను.

అయినా ఆ కొండ చూసింది చెల్లే. నేను చూడలేదు. ఈ కుళ్ళు నాతోనే ఉంటుందేమో.

ఆ మధ్యాహ్నం చివరికి, ఎండలు ముదిరాక ఆమె నాన్న గొర్రెలతో తిరిగొచ్చే రోజు దగ్గరికి వచ్చాను. గొర్రెల మెడ గంటలు వినగానే, అప్పటికి చిన్నపిల్ల అయిన మామ్మగారు నాన్న కోసం నిటారైన రాతి మెట్లెక్కి పరుగెత్తారని చెప్పాను. మామ్మగారి కళ్ళు మూసి ఉన్నాయి. దుప్పటి మీద ఆమె రెండు వేళ్ళు, ఒకదాని ముందు ఒకటి, మెట్లు ఎక్కుతూనే ఉన్నాయి.