మొక్కు అనుకున్నారు

మా అమ్మాయి కొనుక్కొచ్చిన నవల కొత్త అచ్చు బల్ల మీద ఉంది. జిగురు వాసన ఇంకా పోలేదు. ముందుమాట రాసినాయన, అందులో పిల్లాడు చెప్పులు వదిలేసి తిరగడం స్వేచ్ఛకు ప్రతీక అన్నాడు. స్వేచ్ఛా, నా మొహమా! ఆ నవల నేనూ మా అన్నయ్యా ఎనభైల మొదట్లో జగ్గయ్యపేట అద్దె పుస్తకాల కొట్టు నుంచి తెచ్చుకుని, అట్ట ఊడిన ప్రతిలో, వంతులేసుకుని చదివాం. తల్లి పోయిన పిల్లాడు ఎండాకాలమంతా ఒట్టికాళ్ళతో తిరుగుతాడు. చివరి పేజీలో వాళ్ళ పిన్ని చెప్పులేసుకోమని కసిరితే, అప్పుడు ఏడుస్తాడు, మొదటిసారి.

మా ఊరు పేటకు దగ్గరే. మాఘం దాటితే కల్లాల నిండా మిరపకాయలు ఎర్రగా పరుచుకుని, ఆ ఘాటుకు వీధి వీధంతా తుమ్ముతుంటే, అమ్మ పండుమిరపకాయలూ చింతపండూ రోట్లో దంచి, వేడన్నంలో నెయ్యేసి కలిపి మాకు ముద్దలందిస్తూనే, గోలీలాటకు పరుగెత్తే అన్నయ్య వీపుకేసి అరిచేది. "ఒరేయ్, చెప్పులేసుకోరా, కాళ్ళు బొబ్బలెక్కుతయ్!" వాడు వినేవాడు కాదు. అమ్మ మానేదీ కాదు.

ఓ వానాకాలం అమ్మ పచ్చకామెర్లతో పోయింది. అన్నయ్యకు పదహారు. పదో తరగతి మధ్యలో బడి మానేశాడు, నాన్నతో మాట మానేశాడు, అన్నం ముందు నుంచి లేచిపోయేవాడు. ఆ నవల మేం చదివింది ఆ చలికాలమే. ఎండలు రాగానే వాడు చెప్పులు గడప పక్కన విడిచి, మళ్ళీ తొడగలేదు. నాకు వెంటనే అర్థమైంది. ఊరికి వేరేలా అర్థమైంది. "తల్లి పేర మొక్కు పట్టాడంటండీ, ఎంత భక్తో!" అంది పక్కింటి సుబ్బమ్మత్త. అంతే, రోజూ తిట్టే నాన్న కూడా మెత్తబడ్డాడు. మొక్కు పట్టినవాణ్ణి ఎందుకని అడగకూడదు, మధ్యలో ఆపమనకూడదు. మా వైపు అదీ పద్ధతి.

నేను నాన్న దగ్గరికెళ్ళి, "అది మొక్కు కాదు నాన్నా. నువ్వొకసారి చెప్పులేసుకోమను, చాలు" అన్నాను. "నోర్ముయ్, కళ్ళు పోతయ్" అన్నాడు. పోనీ నేనంటే సరిపోతుందేమోనని అన్నయ్యతోనే అన్నాను. వాడు నా జడ పట్టి మెల్లగా లాగి, "నువ్వంటే కాదే" అన్నాడు.

పత్తికట్టె నరికిన చేలో మోళ్ళు మేకుల్లా నిలబడి ఉంటాయి. ఒకటి వాడి అరికాల్లో దిగింది. పసుపు అద్దుకుని ఊరుకున్నాడు, ఎవరికీ చెప్పలేదు. కొద్దిరోజులకు దవడ బిగిసింది. ధనుర్వాతం అన్నారు. బెజవాడ ఆసుపత్రిలో, కిటికీలకు దుప్పట్లు కట్టిన చీకటి గదిలో పడుకోబెట్టారు. చిన్న చప్పుడైనా చాలు, ఒళ్ళంతా విల్లులా వంగిపోయేది. అప్పటికి నాన్నకు నా మాట తలకెక్కింది. మంచం దగ్గరికెళ్ళి, వాడి చెవి మీదకు వంగాడు. "మాట్లాడొద్దండీ, మాట వింటే ఫిట్స్ వస్తయ్" అని నర్సమ్మ ఆయన్ను బయటికి పంపేసింది. తెల్లారేసరికి అన్నయ్య పోయాడు.

ఆ చేను ఇప్పుడు ఇళ్ళ ప్లాట్లు. పుస్తకాల కొట్టున్నచోట సెల్‌ఫోన్లు అమ్ముతున్నారు. గోలీలాట నేర్పుదామన్నా నేర్చుకునే పిల్లలు లేరు. నాన్న కూడా లేడు. చివరి రోజుల్లో ఆయన మతి చెడి, అరుగు మీద కూర్చుని, దారిన పోయే ప్రతి కుర్రాణ్ణీ "చెప్పులేసుకోరా, చెప్పులేసుకోరా" అని కసిరేవాడు. బూట్లు తొడుక్కున్నవాళ్ళను కూడా.