కదలని గోల్‌కీపర్

ఆ రోజు పెనాల్టీకి మా అక్క కదలకుండా ఎందుకు నిలబడిందో నాకు తెలుసు. అక్క కాక ఆ సంగతి తెలిసింది నాకొక్కదానికే. ఇప్పటిదాకా ఎవరికీ చెప్పలేదు. ఇలా రాయడం చెప్పడం కిందికి రాదని నాకు నేనే నచ్చజెప్పుకున్నాను, ఎందుకంటే మా ఇళ్లలో ఇప్పుడు తెలుగు చదివేది నేనొక్కదాన్నే. అక్క గుజరాతీ బడిలో చదివింది. పెద్దమ్మ ఏ బడికీ పోలేదు. నాకు మాత్రం నాన్న బతికున్నప్పుడు పాత వారపత్రికలు ముందేసుకుని అక్షరాలు దిద్దించాడు. అప్పటినుంచి నోటితో అనలేనివన్నీ కాగితం మీద పెట్టుకోవడం అలవాటైంది.

మొన్న ఆదివారం సూరత్‌లోని భేస్తాన్‌లో మా వీధి మొదట్లో ఉన్న మొబైల్ దుకాణానికి వెళ్లాను. దుకాణాయన నా ఫోన్ పక్కన పడేసి తన ఫోన్‌లో ఏదో చూస్తున్నాడు. తొంగిచూస్తే అక్క. పసుపుపచ్చ చొక్కా, కొంచెం వంగిన మోకాళ్లు, ఎటూ దూకకుండా గోల్ నడిమధ్యన దిగేసిన గుంజలా నిలబడి ఉంది. బంతి వచ్చి రొమ్ముకు తగిలింది. వ్యాఖ్యాత గొంతు చించుకుంటున్నాడు: ఎంత నిబ్బరం, ఎదుటివాడి మనసును ఎలా చదివింది అని. దుకాణాయన నావైపు తిరిగి, "దేఖా బేన్? దిమాగ్ చాహియే, దిమాగ్!" అని వేలితో తన కణతను రెండుసార్లు కొట్టుకున్నాడు. చూశావా, బుర్ర ఉండాలి బుర్ర అని. ఆమె మా అక్క అని చెప్పడానికి నోరు తెరిచాను కానీ, ఎప్పట్లాగే ధైర్యం చాలక, "హా భాయ్" అని ఊరుకున్నాను.

పోయిన చలికాలంలో జరిగిన మ్యాచ్ అది. మగవాళ్ల జాతీయ జట్టూ ఆడవాళ్ల జాతీయ జట్టూ సూరత్‌లో సరదాకి ఒక ప్రదర్శన మ్యాచ్ ఆడతాయని గోడల నిండా పోస్టర్లు పడ్డాయి. క్రికెట్ తప్ప మరో ఆట పట్టని ఊరిలో జనం ఎవరొస్తారులే అనుకున్నాం. తీరా చూస్తే మైదానం నిండిపోయింది. ఫుట్‌బాల్ కోసం వచ్చినవాళ్లు తక్కువ. ఆడపిల్లలు ఎంత చిత్తుగా ఓడతారో చూసి నవ్వుకుందామని వచ్చినవాళ్లే ఎక్కువ. మా అక్క, అంటే మా పెద్దమ్మ కూతురు, ఆ జట్టులో రెండో గోల్‌కీపర్. రెండో గోల్‌కీపర్ అంటే ఎప్పుడూ బెంచీ మీద కూర్చుని మొదటి గోల్‌కీపర్‌కు నీళ్ల సీసా అందించే మనిషి. ఈ ఒక్క మ్యాచ్‌కి మొదటి ఆమెకు విశ్రాంతి ఇచ్చారు. దీన్ని చూశాకే అక్కను జట్టులో ఉంచాలో ఇంటికి పంపాలో తేలుస్తానని కోచ్ ముందే చెప్పేశాడు. అక్క నాకు ఫోన్ చేసి అదంతా చెప్పి, "అమ్మను తోల్కరా. జర దగ్గర కూసోండ్రి, నాకు కనవడాలె" అంది.

పెద్దమ్మ గురించి కొంత చెప్పాలి. ఆమె పెళ్లై సూరత్ వచ్చిన నాటినుంచి సాంచెల మధ్యనే బతికింది. మరమగ్గాల్ని మావాళ్లు సాంచెలనే అంటారు. ఒక్క షెడ్డులో అన్ని సాంచెలు ఒకేసారి ఆడుతుంటే పక్కమనిషి అరిచినా వినపడదు. అందుకని అక్కడివాళ్లు పెదవులు చూసి మాట అర్థం చేసుకుంటారు, మిగతాది చేతులతో కానిస్తారు. దారం తెగితే ఒక సైగ, చాయ్ వచ్చిందంటే ఒక సైగ, సేఠ్ వచ్చాడంటే మరొకటి. సేఠ్‌ది రాయడానికి వీల్లేనిది. చిన్నప్పుడు అక్కా నేనూ సద్ది పట్టుకుని ఆ షెడ్డులోకి పోయేవాళ్లం. సాంచెల మధ్య దారి సన్నం, ఒకవైపు బెల్టులు, ఇంకోవైపు పోగును అటూ ఇటూ మోసే నాడెలు. మాకు అందరికంటే ముందు నేర్పిన సైగ ఒకటుంది: పెద్దవాళ్లు రెండు చేతులూ తలపైకెత్తి మణికట్ల దగ్గర అడ్డంగా పెడితే, ఎక్కడివాళ్లం అక్కడే బిగుసుకుపోవాలి. ఎత్తిన కాలు కూడా దించకూడదు. ఎందుకని అడగకూడదు. ఒకరోజు పెద్దమ్మ అలా చేతులెత్తింది, అక్క ఒంటికాలి మీద ఆగింది, ఆమె వేయబోయిన అడుగు మీదుగా సాంచె నుంచి తప్పిన నాడె దూసుకుపోయి గోడలో సున్నం రాల్చింది. ఆ తర్వాత మాకు ఆ సైగ చెప్పాల్సిన అవసరం రాలేదు. అది ఒంటికే తెలిసిపోయింది.

ఆ సాంచెలు పెద్దమ్మ చెవుల్ని సగం తినేశాయి. అందుకే మైదానంలో ఆమెకు చెవులు నేనే. గోల్‌కు కొంచెం ముందుగా, పక్కవైపు గట్టు మీద మాకు చోటు దొరికింది. ముందు వరుసలో వరాఛా నుంచి వచ్చిన వజ్రాల పనివాళ్లు, వేరుశనగలు వలుచుకుంటూ మంచి హుషారు మీద ఉన్నారు. మగజట్టు మొదట్లో పిల్లలతో ఆడినట్టు మెల్లగా ఆడింది. ఆ మెల్లగా వచ్చిన బంతుల్లో ఒకదాన్ని అక్క పట్టబోయి వదిలేసింది. అది ఆమె కాళ్ల మధ్య నుంచి దొర్లుకుంటూ గోల్‌లోకి పోయింది. మైదానమంతా నవ్వు. మా ముందున్న నడివయసు ఆయన లేచి, "బేన్, ఘరే జావ్! రోట్లీ వణో!" అని అరిచాడు. ఇంటికిపోయి రొట్టెలు ఒత్తుకోమని. పక్కవాళ్లు చప్పట్లు కొట్టారు. నాకు చెవులు మండిపోయాయి.

"ఏమంటుండే ఆయన?" అంది పెద్దమ్మ.

"మంచిగ ఆడుతుందంటుండు."

"మంచిగ ఆడితే గట్ల పండ్లు బయటవెట్టి నవ్వుతరానే? నీకు అబద్ధమాడుడు గూడ వస్తలేదు." ఆమె కొంగు నడుముకు దోపుకుంది. పనిలోకి దిగేముందు చేసేది అది.

తర్వాత మా అమ్మాయిల్లో ఒకామె తలతో కొట్టి గోల్ చేసింది. అక్కడితో సరదా అయిపోయింది. మగవాళ్ల ముఖాలు మారాయి. ఒకరితో ఒకరు మాట్లాడటం మానేశారు, బంతులు నిజంగా రావడం మొదలయ్యాయి. ఒక బంతి గోల్ కర్రకు తగిలితే ఆ శబ్దం పెద్దమ్మకు కూడా వినపడింది. "బంతి కొడుతుండ్రా, గోడ కూలగొడుతుండ్రా? పిల్ల బొక్కలు ఇరుగుతయ్!" అంది. ఆ జోరులోనే వాళ్లు ఇంకో గోల్ చేసి ముందుకెళ్లారు. ఆ గోల్‌లో అక్క తప్పేమీ లేదు, అయినా గీత అవతల మొదటి గోల్‌కీపర్ జాకెట్ విప్పేసి ఒళ్లు వంచడం చూశాను. కోచ్ ఆమె చెవిలో ఏదో చెబుతున్నాడు. ఇంకొక్క గోల్ పడితే అక్కను బయటికి పిలుస్తారు. ఇక జట్టులోకి ఎప్పటికీ పిలవరు. పెద్దమ్మకు ఆ సంగతి చెప్పలేదు. ఆమె అప్పటికే ఆ అమ్మాయివైపే చూస్తోంది.

ఆట అయిపోవస్తుండగా రిఫరీ పెనాల్టీ ఇచ్చాడు.

కొట్టడానికి వచ్చిన మనిషి చాలా పొడగరి. బంతిని గడ్డి మీద పెట్టి వెనక్కి నడిచాడు. అక్క ఒకసారి మావైపు చూసింది. తర్వాత ముఖం అతనివైపు తిప్పుకుంది. కుడికి దూకబోతోందని నాకు తెలిసిపోయింది. చిన్నప్పటినుంచీ ఆమె ఏదైనా దాటేముందు ఎడమకాలు కొంచెం బిగిస్తుంది, అప్పుడూ బిగించింది. అతను పరుగందుకున్నాడు. నా పక్కన ఏదో లేచినట్టయింది. తలతిప్పితే పెద్దమ్మ గట్టు మీద నిలబడి ఉంది. రెండు చేతులూ తలపైన. మణికట్లు అడ్డంగా.

ఒక భారీ మగవాడు తన బిడ్డ మీదికి పరుగెత్తుకొస్తుంటే ఆమె చేతులకు తెలిసింది అదొక్కటే. కదలకు బిడ్డా, దాటిపోనీ. నేను ఆమె చేయి పట్టి కిందికి లాగాలనుకున్నాను. నా చేయి లేవలేదు. ఆ సైగ కింద పెరిగినదాన్నే కదా, నేనూ బిగుసుకుపోయాను.

అక్క కంటి కొసకు ఆ చేతులు పడినట్టున్నాయి, ఆగిపోయింది. ఎడమకాలు అలాగే బిగిసి ఉంది, దూకడం మాత్రం జరగలేదు. అతను ఆమె దూకుతుందనే లెక్కతో బంతిని నడిమధ్యకు కొట్టాడు. అది నేరుగా వచ్చి రొమ్ముకు తగిలింది. ఆమె వెనక్కి కూలబడింది, బంతి ఎగిరి ముందుకు పడింది, మా అమ్మాయి ఒకామె పరుగెత్తుకొచ్చి దాన్ని ఎక్కడికో తన్నేసింది. మైదానమంతా ఒక్కసారిగా అరుస్తూ లేచింది. ముందు వరుసలో ఆయన వెనక్కి తిరిగి పెద్దమ్మను ఎగాదిగా చూసి, "తమారీ దీక్రీ?" అన్నాడు. మీ కూతురా అని. అతని ముఖం చూసే ఆమెకు అర్థమైంది. "నా బిడ్డనే!" అంది తెలుగులో, తగువుకు దిగినట్టు. ఆయన వేరుశనగల పొట్లం ఆమె ముందు పెట్టాడు. ఆమె గుప్పెడు తీసుకుంది, కానీ నవ్వలేదు.

ఒక గోల్ తేడాతో ఓడిపోయాం. అక్కను మాత్రం చివరిదాకా బయటికి పిలవలేదు. మైకు పట్టుకొచ్చిన అమ్మాయి ఆ తెలివి ఎలా వచ్చిందని అడిగితే అక్క, "బస్, ఖడీ రహ్ గయీ" అంది. ఊరికే నిలబడిపోయాను అని. అదే నిజం. దాన్ని అందరూ వినయమనుకున్నారు. సాయంత్రానికల్లా ఆమెను జట్టులో ఉంచుతున్నట్టు కోచ్ చెప్పేశాడు.

జట్టు బస్సు దగ్గర మాకు కొంచెంసేపు దొరికింది. పెద్దమ్మ అక్క రొమ్ము మీద కమిలినచోట అరచెయ్యి పెట్టి చూసి, "గీ ఆట ఎవడు కనిపెట్టిండే, వాని చేతులు ఇరుగ" అని తిట్టి, తెచ్చిన రొట్టెల డబ్బా బస్సులో పెట్టించడానికి డ్రైవర్ దగ్గరకు పోయింది. తను చేసిందేమిటో ఆమెకు ఏమాత్రం తెలియదు. ఇప్పటికీ తెలియదు. గట్టు మీద తను లేచి నిలబడినట్టు కూడా ఆమెకు గుర్తులేదు. తల్లి చేతుల్లోని భయం బిడ్డ కాళ్లలోకి చేరడానికి కొన్నేళ్లు చాలుతాయేమో, అది అక్కడినుంచి వదిలిపోవడానికి ఎన్నేళ్లు కావాలో కాలానికే తెలియాలి.

అక్క నన్ను పక్కకు లాగింది.

"నువ్వు చూసినవ్ కదా?"

తల ఊపాను.

"అమ్మకు చెప్పకు చెల్లె. ఆమెవల్ల నేను ఆగిపోయిన్నని తెలిస్తే, నా ఆటకు అడ్డమొస్తున్ననుకొని మళ్లొక మ్యాచ్‌కు రాదు. నాకు ఆమె రావాలె."