హోయ్ట్ గారి చూఫా మడి

హోయ్ట్ గారు పొలంలో మొక్కజొన్నలు చల్లి, అడవి టర్కీ కోళ్లకు ఆ తిండి అలవాటు చేసి, వరండాలో కుర్చీ దిగకుండానే తుపాకీతో కాలుస్తారని మా ఊళ్లో చెప్పుకునేవారు. మొదట అన్నది విత్తనాల కొట్టు వెర్లన్. ఎర చల్లి టర్కీని కొట్టడం అమెరికాలో మా అలబామా రాష్ట్రంలో నేరం; నేలలో పెరిగిన పంటకు వస్తే కొట్టొచ్చు.

"నా కళ్లారా చూశా. వంగి వంగి చల్లుతున్నాడు. కంచె దగ్గర్నుంచి పిలిస్తే తిరిగి చూస్తేనా! ముసలాడికి పొగరు. అయినా, మడి ఎవడైనా అడవి అంచున వేస్తాడు గానీ గుమ్మం ముందు అరవై అంగల్లో వేస్తాడా?" అని కొట్టుకు వచ్చిన ప్రతివాడికీ చెప్పాడు.

మా ఇల్లు ఆ కంచె పక్కనే. అమ్మ మంచం పట్టాక నేను పదో తరగతిలో బడి మానేశాను. వారానికి రెండు రోజులు హోయ్ట్ గారికి వండిపెట్టి, ఇల్లు ఊడ్చి వచ్చేదాన్ని. నాకు ఎవరితోనూ మాటలు పెగలవు. ఆయన ఊరుకునేవారు కాదు.

"ఎదురుగా వచ్చి నిలబడు పిల్లా. నాతో చెబుతున్నావా, చీపురుతోనా?"

నా బిడియం వదిలించడానికే అలా అంటారనుకునేదాన్ని.

ఆయన వేసింది చూఫా. తుంగలాంటి గడ్డి, వేళ్లకు శనగగింజంత తియ్యటి గడ్డలు పడతాయి. రుచి తెలిస్తే టర్కీలు కాళ్లతో నేల గీరి తవ్వుకు తింటాయి. కానీ కొత్త మడిలో నేల కింద ఏముందో వాటికి తెలియదు. అందుకని చలికాలం చివర మేమిద్దరం రెండు సాళ్లు పీకి, గడ్డలు పైకి కనబడేలా పడేశాం. వెర్లన్ చూసింది అదే.

"వీటికీ బడి పెట్టాల్సొచ్చింది," అన్నారాయన నడుం పట్టుకుని.

"నేనే మధ్యలో మానేసినదాన్నండీ."

"అయినా పంతులమ్మవి నువ్వే. ఇంత అల్లరి లేని పిల్లలు నీకెక్కడ దొరుకుతారు?"

ఏప్రిల్లో, వేటకాలం మొదలైన వారానికి, వేటల ఇన్‌స్పెక్టరు జీపు వచ్చి ఆగింది. తప్పు రుజువైతే హోయ్ట్ గారి లైసెన్సు పోతుంది, వాళ్ల నాన్న ఇచ్చిన తుపాకీ పోతుంది. ఆయనకు డెబ్బై తొమ్మిది. "ఈ మోకాళ్లకి ఇదే ఆఖరి వేట," అని ఉదయమే అన్నారు.

హోయ్ట్ గారు మడిలో అటు తిరిగి కలుపు తీస్తున్నారు.

"హోయ్ట్ గారూ!" ఇన్‌స్పెక్టరు పిలిచాడు. మళ్లీ పిలిచాడు. ఆయన తల ఎత్తలేదు. ఆ కుర్ర ఇన్‌స్పెక్టరు మొహం బిగుసుకుంది. "విన్నది నిజమేనన్నమాట," అంటూ జేబులోంచి కేసులు రాసే పుస్తకం తీశాడు.

నేను వెళ్లి అతని ముందు నిలబడ్డాను.

"అవి మొక్కజొన్నలు కావండీ. తవ్వి చూడండి."

అతను చాకుతో ఒక మొక్క పెకలించాడు. వేళ్లకు గడ్డలు గుత్తిగా వేలాడాయి. ఒకటి తుడిచి కొరికాడు. "కొబ్బరిలా ఉందే!" అన్నాడు. మడి అంతా వెతికినా ఒక్క మొక్కజొన్న గింజ దొరకలేదు. మా నీడ పడ్డాకే హోయ్ట్ గారు ఉలిక్కిపడి లేచారు.

సరిగ్గా అప్పుడే వాగు వైపు నుంచి టర్కీ పుంజు గట్టిగా కూసింది. నేనూ ఇన్‌స్పెక్టరూ చటుక్కున అటు తిరిగాం. హోయ్ట్ గారు వాగు వైపు చూడలేదు. మా మొహాలు చూస్తున్నారు.

"ఏంటి? ఏమైంది?"

నేను ఆయనకు ఎదురుగా వెళ్లాను. "పుంజు కూసిందండీ. వాగు దగ్గర."

"ఎన్నిసార్లు?"

మళ్లీ వినబడింది. "రెండు."

ఆయన మొహం విప్పారింది. "అయితే మడికి వస్తుంది. పదండి, వరండాలో కూర్చుందాం. ఇక్కడ నిలబడితే బెదురుతుంది."

ఇన్‌స్పెక్టరు పుస్తకం జేబులో పెట్టుకుని మాతో పాటే వచ్చి కూర్చున్నాడు.

మడి గుమ్మానికి అరవై అంగల్లో ఉందన్న మాట నిజం. వెర్లన్ కొలత తప్పలేదు. కానీ అడవిలో టర్కీ జాడ తెలిసేది దాని కూతను బట్టే. నలభై ఏళ్లు రంపం మిల్లు హోరులో పనిచేసిన హోయ్ట్ గారికి నాలుగు వసంతాలుగా టర్కీ కూత వినబడలేదు.