మూడు చుక్కల అతుకు

మెకానిక్ మామకి తిక్క రేగింది. అల్లుడు ముచ్చటపడి కొన్న పాత స్పోర్ట్స్ కారులో ఇంజిన్ కూర్చోనంటోంది. కింది రబ్బరు దిమ్మలు రెండుసార్లు మార్చినా అర అంగుళం ఎడమకే జరుగుతోంది.

"ఒక్క యాక్సిడెంటూ కాని బండి మామయ్యా! అమ్మినాయన ఒట్టేసి చెప్పాడు," అన్నాడు అల్లుడు.

"ఒట్టేస్తే ఇంజిన్ కూర్చుంటుందా, అల్లుడూ?" అంటూ మామ టేపు ఐమూలగా పట్టి కొలిచాడు. బండికి వెన్నెముకలాంటి ఛాసిస్సే వంకర. రంగు గీకితే పాత వెల్డింగ్ అతుకు బయటపడింది. దాని చివర వరసగా మూడు చుక్కలు.

మామ ఆ చుక్కల్ని బొటనవేలితో తడిమాడు. అతుకు చివర మూడు చుక్కలు పెట్టడం ఆయన అలవాటే. పాతికేళ్ల కిందట, నుజ్జయిన రెండు కార్లలో మిగిలిన సగాలు కలిపి, యాక్సిడెంటే కాలేదని మొదట ఒట్టేసి అమ్మింది ఆయనే.

ఆ ఏడాది అలాంటివి ఏడు అతికించాడు. మిగతా ఆరింటిలో ఇప్పుడు ఎవరి పిల్లలు తిరుగుతున్నారో!